పెరటి చెట్టు – పెంపుడు కుక్క

మానవుడు మచ్చిక చేసికొనిన జంతువులలో కుక్క మొట్టమొదటిది. పాలకొఱకు ఆవును, దుక్కికొఱకు ఎద్దును, స్వారికొఱకు గుఱ్ఱమును చేరదీయక పూర్వమే, వేటాడి జీవించుచున్న మనుష్యుని వెంట కుక్క నడచినది. మహాప్రస్థానమున ఇంద్రుడు రథమును తెచ్చి స్వర్గమునకు రమ్మని పిలిచినప్పుడు, తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి తాను రానని ధర్మరాజు పలికిన కథ మహాభారతమున సుప్రసిద్ధము. నమ్మినదానిని విడువరాదని ఆ కథ బోధించుచున్నది. అయితే విడువకుండుట యొక్కటియే చాలదు. నోరులేని ఆ జంతువునకు కలుగు బాధ నెఱిగి, దానిని తొలగించుటయు పెంచువారి ధర్మమే.

గోదావరి సముద్రమును చేరుటకు ముందు పాయలుగా చీలును. గౌతమీ, వసిష్ఠా శాఖల నడుమ, బంగాళాఖాతమువఱకు వ్యాపించిన సారవంతమైన భూభాగమునకే కోనసీమ యని పేరు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఈ సీమలోని ముఖ్యమైన ఊళ్లు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల నీరు ఊరూరికిని పాఱి, ఈ సీమ వరిచేలతోను, కొబ్బరితోటలతోను, అరటితోటలతోను నిండినది. 2022లో ఇది ప్రత్యేక జిల్లా యైనది. ఇచ్చట పెక్కు ఇండ్లు తోటల నడుమనే యుండును. ఇంటికిని, తోటకును, పశువుల కొట్టమునకును రాత్రివేళ కావలి కాయునది కుక్కయే. అది అరుగు క్రిందనో, కొబ్బరికాయల రాశి చెంతనో, కొట్టములో గడ్డిమీదనో పండుకొనును. పగలు ఇంటి పిల్లలతో కలసి కాలువగట్టున పరుగులు తీయును.

కోనసీమకు అందమును సంపదను ఇచ్చునవి నీడయు తేమయు. కుక్కను పీడించు పరాన్నజీవులకు కావలసినవియు ఆ రెండే. పరుల అన్నము తిని బ్రతుకునది గనుక పరాన్నజీవి యని పేరు వచ్చినది. వీనిలో కొన్ని చర్మమును పట్టుకొని వెలుపల నుండును. కొన్ని ప్రేగులలో చేరి లోపల నుండును. వెలుపలి వానిలో ముఖ్యమైనవి గోమారులు, గెంతుడు పురుగులు, గజ్జిపురుగులు. లోపలి వానిలో ముఖ్యమైనవి కొంకిపురుగులు, ఏలికపాములు, బద్దెపురుగులు. శత్రువును జయింపగోరువాడు ముందుగా వాని నివాసమును, నడవడిని తెలిసికొనవలెను గదా! అందుచేత మందులకంటె ముందు ఈ జీవుల చరిత్రమును తెలిసికొనుట యవసరము.

గోమారినే కొందఱు పిడుదు అందురు. ఇది పురుగువలె కనబడినను సాలెపురుగు, తేలు మొదలగు వాని కుటుంబమునకు చెందినది. రక్తము త్రాగక పూర్వము ఇది నువ్వుగింజవలె బల్లపరుపుగా నుండును. కడుపునిండ త్రాగిన ఆడ గోమారి ఉబ్బి చిన్న ఆముదపు గింజవలె నగును. ప్రాచీన రోమనులు గోమారిని, ఆముదపు మొక్కను లాటిను భాషలో ‘రిసినస్’ అను ఒకే మాటతో పిలిచిరి. ఆ ఆడది కుక్కను విడిచి నేలబడి, గోడపగులులోనో, అరుగు సందులోనో దూరి, వేలకొలది గ్రుడ్లు పెట్టి మరణించును. గ్రుడ్లనుండి ఆరుకాళ్ల పిల్లలు వెలువడి, కుక్కనెక్కి రక్తము త్రాగి, మరల దిగిపోయి, కుబుసము విడిచి ఎనిమిదికాళ్లవి యగును. అవి రెండవమారు కుక్కనెక్కి దిగి, మరల కుబుసము విడిచి పెద్దవగును. అప్పుడు మూడవమారు ఎక్కును. ఇట్లు జీవితమున మూడుమారులు, ప్రతిమారును కొన్ని దినములు మాత్రమే గోమారి కుక్కపై నుండును. తక్కిన కాలమంతయు దాని కాపురము గోడలోనే. పెద్ద గోమారి ఆహారము లేకయే నెలల తరబడి ఆ సందులో వేచియుండగలదు. కుక్క ఒంటిపై పది గోమారులు కనబడినచో, గోడలలో కనబడనివి ఎన్నియో యున్నవని గ్రహింపవలెను.

గోమారి త్రాగు రక్తముకంటె అది యెక్కించు రోగమే భయంకరము. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు పశువులకు వచ్చు ఒక ప్రాణాంతకమైన జ్వరము గోమారుల మూలమున వ్యాపించుచున్నదని నిరూపించిరి. నాలుగు సంవత్సరముల పిదప, 1897లో, సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొనెను. రక్తము త్రాగు చిన్న జీవి ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి రోగమును మోయుననుట ఆనాటికి నూతనమైన సత్యము. కుక్కలకును గోమారులవలన బెబీసియా, ఎర్లీకియా అను సూక్ష్మజీవుల రోగములు సంక్రమించును. జ్వరము, నీరసము, చిగుళ్లు తెల్లబడుట, ముక్కునుండి రక్తము కారుట, మూత్రము ఎఱ్ఱబడుట వీని గుర్తులు. ఈ రోగములకు పెరటి మందు లేదు; పశువైద్యుని చికిత్స యొక్కటియే శరణ్యము.

గెంతుడు పురుగులను కూడ జనులు పేలనియే పిలుతురు. కాని పేను గెంతలేదు. ఈ పురుగు ముదురు రంగు కలిగి, రెక్కలు లేక, వెండ్రుకల నడుమ దూకుచు తిరుగును. దీని గ్రుడ్లు కుక్క ఒంటినుండి జారి, అది పండుకొను గోనెమీదను, దుమ్ములోను పడి, అచ్చటనే పిల్లలై పెరుగును. ఆ పిల్లలు నేలమీది బద్దెపురుగు గ్రుడ్లను మ్రింగును. అవి పెద్దవై కుక్కనెక్కిన పిదప, కుక్క దురదచే ఒడలు కొఱుకుకొనుచు వానిని మ్రింగినచో, బద్దెపురుగు దాని ప్రేగులలో చేరును. దోసగింజలవంటి తెల్లని తునకలు తోకక్రింద కనబడుట దీనికి గుర్తు. గజ్జిపురుగు కంటికి ఆననంత చిన్నది. అది చర్మములో సొరంగములు త్రవ్వి, వెండ్రుకలు రాల్చి, పుండ్లు కలిగించును.

లోపలి శత్రువులలో కొంకిపురుగు మిక్కిలి క్రూరమైనది. దారపుముక్కవంటి ఈ పురుగు ప్రేగుగోడను పండ్లతో పట్టి రక్తము పీల్చును. కుక్కపిల్లకు ఇవి అధికమైనచో మలము నల్లబడి, చిగుళ్లు పాలిపోయి, కొలది దినములలోనే అది ప్రాణము విడుచును. ఏలికపాము తీరు మఱియొక విధము. దీని పిల్లలు తల్లికుక్క కండలలో దాగియుండి, అది చూలుతో నున్నప్పుడు గర్భములోని పిల్లలను చేరును. అందుచేత ఇంకను మట్టిని ముట్టని కుక్కపిల్ల కడుపులోను ఏలికపాములు ఉండవచ్చును. కడుపు కుండవలె ఉబ్బి, ఒడలు చిక్కియున్న కుక్కపిల్లను చూచి, బాగుగా తిన్నదని సంతోషించుట పొరపాటు.

ఈ పురుగుల గ్రుడ్లు కుక్క మలముతో నేలను చేరును. నీడయు తేమయు గల ఇసుకనేలలో కొంకిపురుగు గ్రుడ్లు ఒకటి రెండు దినములలో పిల్లలై, ఇంచుమించు వారము దినములలో మఱియొక ప్రాణిని పట్టుటకు సిద్ధమగును. పందొమ్మిదవ శతాబ్దము చివర ఈజిప్టులో ఆర్థర్ లూస్ అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల కొంకిపురుగును గూర్చి పరిశోధన చేయుచుండగా, ఆ పురుగు పిల్లలున్న నీరు అతని చేతిమీద పడినది. ఆ చోట దురద పుట్టి ఎఱ్ఱబడినది. కొంతకాలము పిదప అతని మలములోనే ఆ పురుగు గ్రుడ్లు కనబడినవి. నోటిద్వారా మాత్రమే కాక చర్మమును తొలిచికొనియు ఈ పురుగు లోనికి పోవునని ఇట్లు తెలిసినది. కుక్కల కొంకిపురుగు పిల్లలును వట్టికాళ్లతో తిరుగు బాలుర పాదములను తొలిచి, చర్మముక్రింద వంకరగీతలు గీచినట్లు ప్రాకుచు దురద కలిగించును. వానిలో ఒక జాతి మనుష్యుని ప్రేగులలోను కాపురము చేయగలదు. ఏలికపాము గ్రుడ్లు గోళ్లలోని మట్టితో పిల్లల కడుపున పడినచో, వానినుండి వెలువడిన పురుగులు ఒడలంతయు తిరుగుచు, ఒక్కొక్కప్పుడు కంటిని చేరి చూపునకే హాని చేయును. కాబట్టి కుక్కకు చేయు సేవ ఇంటిలోని పసిపిల్లలకును రక్షయే.

ఈ వృత్తాంతమువలన ఒక విషయము స్పష్టమగుచున్నది. కుక్క ఒంటిపై కనబడు పురుగులు శత్రుసైన్యములో ఒక చిన్న భాగము మాత్రమే. తక్కిన సైన్యము గోడలోను, గోనెలోను, మట్టిలోను దాగియున్నది. కావున పురుగు పెరుగు చోటును బాగుచేయుటయే మొదటి మందు. కుక్క మలమును దినదినము ఎత్తి, నూతికిని కాలువకును దూరముగా లోతైన గోతిలో పూడ్చవలెను. అది పండుకొను గోనెను వారమున కొకమారు మఱగిన నీటిలో ముంచి, మండుటెండలో ఆరవేయవలెను. గోడపగుళ్లను పూడ్చి సున్నము కొట్టవలెను. కుక్క పండుకొను తావున చెత్తను తీసివేసి ఎండ తగులునట్లు చేయవలెను; ఎండకును పొడినేలకును కొంకిపురుగు పిల్లలు బ్రతుకజాలవు. ప్రతిదినము సాయంకాలమున కుక్క చెవులలోపల, మెడక్రింద, కాలివ్రేళ్ల సందులలో వెదకి, గోమారిని చిన్న పట్టకారుతో చర్మమునకు దగ్గఱగా పట్టి, మెల్లగా తిన్నగా లాగి, సబ్బునీటిలో వేయవలెను. దానిని వ్రేళ్లతో నలుపరాదు, నిప్పుతో కాల్చరాదు. 1986 ఆగష్టులో వచ్చిన మహావరదవంటి సమయములలో లంకగ్రామముల జనులు పశువులతోను కుక్కలతోను ఎత్తైన చోట్లను చేరుదురు. అట్టివేళ ఈ జాగ్రత్త మఱింత యవసరము. ఏలయనగా ఒకచోట గుమిగూడిన జంతువులలో పురుగులు సులభముగా వ్యాపించును.

ఈ శుభ్రతకు తోడుగా పెరటి మందులు పనిచేయును. “పెరటి చెట్టు మందుకు రాదు” అని తెలుగువారి సామెత. దగ్గఱనున్న దానికి విలువ నీయని మనుష్యస్వభావమును ఈ సామెత పరిహసించుచున్నది. వేపచెట్టు విషయమున ఇది మిక్కిలి నిజము. 1959లో సూడాను దేశమున మిడుతలదండు తక్కిన చెట్ల ఆకులను తినివేసి వేపచెట్లను మాత్రము విడిచిపెట్టుటను జర్మను శాస్త్రజ్ఞుడు హైన్రిఖ్ ష్ముట్టరర్ గమనించెను. 1968లో శాస్త్రజ్ఞులు వేపగింజలనుండి అజాడిరాక్టిన్ అను పదార్థమును వేఱుచేసిరి. ఇది పురుగును వెంటనే చంపదు. దాని ఆకలిని చెఱచి, కుబుసము విడుచుటకు అడ్డుపడి, సంతానమును తగ్గించును. కావుననే వేపవైద్యమునకు ఓర్పు కావలెను.

వేపాకును నీటిలో మఱగించి, చల్లార్చి, వడగట్టి, ఆ కషాయముతో వారమునకు ఒకటి రెండుమారులు కుక్కకు స్నానము చేయింపవచ్చును. వేపనూనెను నేరుగా పూయరాదు. పదిభాగముల కొబ్బరినూనెలో ఒక భాగమునకు మించకుండ కలిపి, ముందుగా ఒక చిన్న చోట పూసి, ఒక దినము చూచి, చర్మము ఎఱ్ఱబడనిచో తక్కిన చోట్ల పలుచగా పూయవలెను. కుక్క దానిని నాకకుండ కనిపెట్టియుండవలెను. వేపనూనెను త్రాగింపనే రాదు. దానిని త్రాగించుటచే పసిపిల్లలు మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము పొందిన సంగతులు వైద్యగ్రంథములలో కలవు. పాలు త్రాగు కుక్కపిల్లలకును, చూలుతో నున్న కుక్కలకును పైపూతగానైనను వాడకుండుట మేలు.

గజ్జికి కానుగగింజల నూనెను పల్లెలలో పశువులకును కుక్కలకును చిరకాలముగా పూయుచున్నారు. వేపాకును పసుపును కలిపి నూఱి పూయు పద్ధతియు కలదు. మన దేశములో గజ్జి సోకిన 814 మంది మనుష్యులకు ఈ ముద్దను పూసి చూడగా, నూటికి 97 మందికి 3 మొదలు 15 దినములలో నయమైనదని 1992లో ప్రకటించిరి. అయితే అది మనుష్యులపై జరిగిన పరీక్ష యని మఱువరాదు. కుక్కలకు వచ్చు గజ్జిలో పెక్కు భేదములు కలవు. కావున వారము దినములలో తగ్గుముఖము పట్టనిచో పశువైద్యునికి చూపవలెను.

కోనసీమకు ప్రాణమైన కొబ్బరియు ఈ విషయమున ఒక పాఠము నేర్పుచున్నది. 2018లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు కొబ్బరినూనెనుండి తీసిన కొన్ని కొవ్వు ఆమ్లములకు కుట్టు ఈగలను, గోమారులను, నల్లులను దూరముగా నుంచు శక్తి యున్నదని ప్రకటించిరి. కాని విడదీయని కొబ్బరినూనెకు ఆ శక్తి లేదని కూడ వారే చెప్పిరి. ఇంటిలోని కొబ్బరినూనె చర్మమును మెత్తపఱచును. దువ్వెనతో పురుగులను తీయుటకు సహాయపడును. వేపనూనె ఘాటును తగ్గించును. అంతకు మించి దానినుండి ఆశింపరాదు. చెట్టులో మందు ఉండుట వేఱు. చెట్టే మందగుట వేఱు.

ఈ భేదమును పోకచెక్క మఱింత స్పష్టముగా చూపును. పోకకాయలో అరికోలిన్ అను పదార్థము కలదు. ఇది బద్దెపురుగును మత్తుపఱచి, కుక్క ప్రేగులను బలముగా కదలించి, పురుగును వెలుపలికి నెట్టును. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా పశువైద్యులు సైతము పోకపొడిని కుక్కలకు మందుగా వాడిరి. గొఱ్ఱెలకాపు కుక్కలనుండి మనుష్యులకు సోకు హైడాటిడ్ అను బద్దెపురుగు వ్యాధిని అరికట్టుటకు ఇరువదవ శతాబ్దమున న్యూజీలాండులో కుక్కల కిచ్చిన మందు అరికోలినుతో చేసినదే. అయినను దాని మోతాదు మించినచో కుక్కకు వాంతులు, చొంగ, మూర్ఛ కలుగును. గుండె బలహీనమైన దానికి ప్రాణాపాయము. 1970వ దశకమున ప్రాజిక్వాంటెల్ అను సురక్షితమైన మందు వచ్చుటతో పోకమందు వెనుకబడినది. ఇంటిలో పోకచెక్కను దంచి కుక్కకు పెట్టుట నేడు తగని పని.

చెట్టునుండి వచ్చినది హాని చేయదను నమ్మకము పెక్కు కుక్కల ప్రాణము మీదికి తెచ్చును. గోదావరి లంకలలో పండు లంకపొగాకు చుట్టలకు ప్రసిద్ధి. పొగాకు కషాయము పోసినచో గోమారులు చచ్చునని కొందఱు చెప్పుదురు. చచ్చుట నిజమే, కాని పొగాకులోని నికోటిన్ అను విషము చర్మముద్వారా లోనికి దిగి కుక్కను కూడ చంపగలదు. సీతాఫలపు గింజల పొడి పేలను చంపును గాని, కంట పడినచో కనుగ్రుడ్డు పొరను పాడుచేయును. కర్పూరము, కలరా ఉండలు కుక్కకు విషములు. వెల్లుల్లిని, ఉల్లిని ఎక్కువగా తినిపించినచో దాని ఎఱ్ఱ రక్తకణములు నశించును. కొంకిపురుగుచే ఇదివఱకే రక్తము కోల్పోయిన కుక్కకు అది పుండుమీద కారము చల్లినట్లగును. కిరసనాయిలు చర్మమును కాల్చును.

వైద్యశాలలో దొరకు మందులును ప్రకృతికి పరాయివి కావు. వానివెనుక ఎందఱో పరిశోధకుల శ్రమ కలదు. వసిష్ఠ గోదావరికి ఆవలనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఒక పరిశోధనశాలకు నాయకత్వము వహించెను. 1947లో ఆ పరిశోధనశాలనుండి బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు వెలువడినది. కుక్కల గుండెలో పెరుగు పురుగులను నివారించుటకు ఆ మందే పెక్కేండ్లు వాడబడినది. జపానులో సతోషీ ఓమురా నేలమట్టినుండి తీసిన ఒక సూక్ష్మజీవినుండి ఐవర్మెక్టిన్ అను పురుగుల మందు పుట్టినది. అందులకు ఓమురాకును, అమెరికాలో పనిచేసిన విలియం క్యాంబెల్‌కును 2015లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. మట్టిలోని శక్తిని కనుగొని, శుద్ధిచేసి, కొలత నిర్ణయించినప్పుడు అది మందైనది.

అమలాపురము సమీపమున ఒక తోటలోని ఇంటికి ఒక బాలుడు కుక్కపిల్లను తెచ్చుకొనెననుకొందము. అతడు చేయవలసిన దేమి? మొదట దానిని పశువైద్యశాలకు తీసికొనిపోయి, బరువు తూచి, ఆ బరువునకు తగిన పురుగుల మందు త్రాగింపజేయవలెను. పాలు మానువఱకు కుక్కపిల్లలకు ఈ మందు రెండు వారముల కొకమారు అవసరమగును. అప్పుడప్పుడు దాని పెదవి యెత్తి చిగుళ్లను చూచుచుండవలెను. గులాబిరంగు ఆరోగ్యమునకును, తెలుపు అపాయమునకును గుర్తు. అరుగు క్రింద పొడిగానున్న చోట ఉతికిన గోనె పఱచవలెను. ఎదిగిన పిదప వేపకషాయముతో స్నానము చేయింపవలెను. తాను చెప్పులు తొడిగి తోటలో తిరుగవలెను. కుక్కతో ఆడిన పిదప చేతులు కడుగుకొనియే అన్నమునకు కూర్చుండవలెను. వీనిలో వైద్యుని మందు తప్ప తక్కినవన్నియు ఆ బాలుడు తన చేతులతోనే చేయగల పనులు.

పెరటి చెట్టు మందుకు వచ్చును. అయితే దాని గుణమును, కొలతను, హద్దును ఎఱిగినవానికే అది మందగును. ఎఱుగనివాని చేతిలో వేపయు విషమే. రాత్రియంతయు మేల్కొని తోటను కాచిన కుక్క తెల్లవాఱగనే తోక నాడించుచు ఇంటివారి ముందు నిలుచును. తన బాధను చెప్పుటకు దానికి మాట లేదు. దాని చెవి మడతను విప్పి చూచి, చిగుళ్ల రంగును గుర్తించి, తగిన సమయమున తగిన మందు నిచ్చువారే దాని నమ్మకమునకు తగినవారు.